అక్టోబరులో యూటా ఎర్రరాళ్ల లోయల్లో వారం రోజుల బ్యాక్‌ప్యాకింగ్: ప్లాను చూసి చెప్పండి

లంకగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. నలుగురం కలిసి అక్టోబరు రెండో వారంలో అమెరికా పడమటి వైపు ఎర్రరాళ్ల ప్రాంతంలో వారం రోజులు నడుద్దామనుకుంటున్నాం. ఇద్దరం రావులపాలెం, అమలాపురం నుంచి వెళ్తాం. ఇద్దరు ఫీనిక్స్‌లోనే ఉంటారు. హిమాలయాల్లో రెండు ట్రెక్కులు అయ్యాయి గానీ అక్కడ టెంటు, వంట, గ్యాసు అంతా తీసుకెళ్లినవాళ్లదే. మా వీపున పగటి సంచి ఒక్కటే. ఈసారి మొత్తం మేమే మోయాలి.

ఫీనిక్స్ వాళ్లు వేసిన ప్లాను ఇదీ: జయాన్‌లో రెండు రోజులు, బ్రైస్‌లో ఒక రోజు, పరీయా కాన్యన్‌లో మూడు రోజులు, గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది దాకా దిగి ఎక్కడానికి రెండు రోజులు. అడగాల్సినవి నాలుగు. ఒకటి, ఇది అయ్యే పనేనా? రెండు, రోజుకి ఎన్ని నీళ్లు మోయాలి? మూడు, మా ఊళ్లో ఎత్తంటే ఏటిగట్టే, దేని మీద ప్రాక్టీసు చేయాలి? నాలుగు, ఇంటి నుంచి తిండి ఏం పట్టుకెళ్లచ్చు?

ఎండువాగు

ముందు ప్లాను సంగతి చూద్దామండి. ఏడు రోజుల్లో ఎనిమిది రోజుల నడక పెట్టారు. మధ్యలో కారు ప్రయాణం ఆ లెక్కలో లేనే లేదు. అదలా ఉంచినా, ఈ ప్లాను పర్మిట్ల దగ్గరే విరిగిపోతుంది. పరీయా కాన్యన్‌లో రాత్రి ఉండటానికి రోజుకి 20 మందినే వదులుతారు. గ్రాండ్ కాన్యన్ లోపల పడుకోవాలంటే నాలుగు నెలల ముందు లాటరీ వేయాలి, అంటే అక్టోబరు నడకకి మే 16 నుంచి జూన్ 1 లోపల. జయాన్‌ది మళ్లీ వేరే పర్మిట్. మూడూ మీకు కావలసిన వరసలో, పక్కపక్క తేదీల్లో దొరకడం లాటరీ మీద లాటరీ తగలడం లాంటిది.

ఖర్చు సంగతి కూడా ఉంది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని విదేశీయుల దగ్గర 11 పెద్ద పార్కుల్లో మామూలు టికెట్టు మీద తలకి 100 డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడూ ఆ జాబితాలోవే. మూడింటికీ వెళ్లేటట్టయితే 250 డాలర్ల వార్షిక పాసే చవక. నన్నడిగితే ఈసారికి మూడూ, పరీయా కూడా వదిలేయండి.

ఎస్కలాంటె వెళ్లండి. యూటా దక్షిణాన గ్రాండ్ స్టెయిర్‌కేస్ ఎస్కలాంటె అని 1996లో ప్రకటించిన జాతీయ స్మారక ప్రాంతం. ప్రవేశ రుసుము లేదు. పేరున్న పార్కుల జనం ఉండరు, గోడలు మాత్రం అవే ఎర్ర గోడలు. లాస్‌ వేగాస్ నుంచి కారులో దాదాపు ఐదు గంటలు. దారిలో బ్రైస్ పక్కనుంచే పోతారు, కావాలంటే ఒక గంట ఆగి చూసుకోండి.

వారాన్ని రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్క ఎస్కలాంటె ఊరి దగ్గర నదిలో దిగి, హైవే 12 వంతెన దాకా దిగువకి నడక. సుమారు 24 కి.మీ., రెండు రాత్రులు. ఒక కారు ముందే వంతెన దగ్గర పెట్టి, రెండో కారులో ఊరికి రావాలి. దారికి సగంలో ఎడమ వైపు నుంచి డెత్ హాలో అనే పాయ వచ్చి కలుస్తుంది. అక్కడికి దగ్గర్లో టెంటు వేసుకుని, రెండో రోజు సంచులు దించేసి ఆ పాయలోకి పైకి నడవండి. నీళ్లు అద్దంలా ఉంటాయి, గోడల మధ్య రాతి తొట్లు ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: ఒడ్డున మూడేసి ఆకుల మొక్క గుబురుగా ఉంటుంది, పాయిజన్ ఐవీ. మన దురదగొండి ముట్టుకున్న వెంటనే చెబుతుంది. ఇది ఒకటి రెండు రోజుల తర్వాత బొబ్బలతో చెబుతుంది. పొడుగు ప్యాంటు వేసుకుని నడవండి. బట్టలకి అంటిన జిగురు కూడా చర్మానికి తగలకుండా చూసుకోవాలి.

మూడో రోజు మధ్యాహ్నం వంతెన దగ్గర కారు ఎక్కి ఊళ్లోకి రండి. స్నానం, భోజనం, రెండో విడత తిండి సర్దుకోవడం. మర్నాడు రెండో ముక్క, కయోటీ గల్చ్ అనే లోయ. హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మీద 54 కి.మీ. దాకా మట్టిరోడ్డు, తర్వాత హరికేన్ వాష్ అనే ఎండు వాగులో 8 కి.మీ. నడిస్తే కయోటీ వాగు. ఇంకో మూడు కి.మీ. దిగితే జేకబ్ హాంబ్లిన్ ఆర్చి. ఎర్రగోడకి కన్నం పడి ఆకాశం కనబడే చోటు, ఫొటోల్లో మీరు చూసింది అదే. అక్కడికి దగ్గర్లో గోడలోంచి ఊట కారుతుంది. రెండు రాత్రులూ ఒకే చోట ఉండి, మధ్య రోజు తేలిక సంచితో దిగువన నది దాకా వెళ్లి రండి. మొత్తం 40 కి.మీ. పైచిలుకు.

ఏకబిగిన ఏడు రోజులు నడిస్తేనే గొప్ప అనుకోకండి. రెండు ముక్కలైతే వీపున తిండి మూడు రోజులదే. వాన వస్తే రెండు ముక్కల వరస మార్చుకోవచ్చు. ఎవరికైనా మడమ బొబ్బెక్కితే ఊళ్లో దిగిపోవచ్చు.

అద్దె కారు ఒప్పందం చదవండి. చాలా వాటిలో మట్టిరోడ్డు మీద జరిగిన నష్టానికి ఇన్సూరెన్సు వర్తించదని రాసి ఉంటుంది. ఆ రోడ్డు రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా ఉంటుంది. టైరు పోవడం మామూలే, కాబట్టి స్టెప్నీ నిజంగా ఉందో లేదో డిక్కీ తెరిచి చూసుకోండి. తడిస్తే మాత్రం ఆ బంకమట్టి మన రేగడి లాంటిదే, నాలుగు చక్రాలూ తిరిగే బండి కూడా కదలదు. అది ఆరేదాకా ఆగడం తప్ప దారి లేదు. అందుకే కారులో తలకి అదనంగా 8 లీటర్ల నీళ్లు, ఒక రోజు తిండి వదలండి.

పర్మిట్ ఎస్కలాంటె విజిటర్ సెంటరులో అడగండి. కయోటీ గల్చ్ కింది భాగం గ్లెన్ కాన్యన్ అనే వేరే రక్షిత ప్రాంతం పరిధిలోకి వస్తుంది కాబట్టి దాని నియమాలు బయల్దేరే నెలలో మరోసారి చూసుకోండి. ఏ ఊట పారుతోంది, ఏ రోడ్డు తెగింది అన్నది కూడా ఆ కౌంటరులోనే తెలుస్తుంది.

చెలమనీళ్లు

నీళ్ల గురించి నేను చెబుతానండి, ఎందుకంటే డెల్టా వాళ్లు పొరబడేది ఇక్కడే. మనకి నీళ్లు కాలవలో ఇంటి ముందుకే వస్తాయి. అక్కడ నీళ్లున్న చోటికి మనం వెళ్లాలి. మ్యాపు తీసుకుని అందమైన చోట్లు కాదు, ముందు నీటి చుక్కలు పెట్టండి. ఆ చుక్కలు కలిపితే వచ్చేదే మీ దారి. రెండు చుక్కల మధ్య దూరమే మీరు మోసే బరువు.

మే నెలలో అమలాపురంలో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకి అతుక్కుంటుంది, గడ్డం మీంచి చెమట బొట్లు పడతాయి. ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని కళ్లకే తెలుస్తుంది. యూటాలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట బయటికి వచ్చీ రాగానే ఆవిరవుతుంది. చొక్కా పొడిగా, చర్మం పొడిగా, హాయిగా ఉంటుంది. సాయంత్రం సంచి దించి చూస్తే భుజం పట్టీ అంచున తెల్లగా ఉప్పు చార కట్టి ఉంటుంది. ఆ చార కనబడిందంటే అప్పటికే ఆలస్యమైంది. చెమట చూసి తాగుదాం అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. గడియారం చూసి తాగాలి.

అక్టోబరు లెక్క: నడిచే గంటకి అర లీటరు చొప్పున ఆరు గంటలకి 3 లీటర్లు. టెంటు దగ్గర తాగడానికి 1, రెండు పూటల వంటకి 1.5. మొత్తం 5.5. కాబట్టి ఒక్కొక్కరికీ 6 లీటర్లు పట్టే సీసాలు ఉండాలి. అన్నీ ఎప్పుడూ నింపమని కాదు. నది పక్కన నడిచే మొదటి ముక్కలో డెత్ హాలో కలిసే దాకా 4 లీటర్లు చాలు. అయితే ఆ పై భాగంలో నది వేసవి చివర ఎండిపోతుంటుంది, కాబట్టి అక్కడ దొరుకుతాయిలే అని ఖాళీ సీసాతో దిగకండి. హరికేన్ వాష్ దాదాపు అంతా పొడి ఇసుక. వెళ్లేటప్పుడు 4 లీటర్లు. తిరిగొచ్చేటప్పుడూ 4, అప్పుడు ఎదురు ఎక్కుడు.

నీళ్లొకటే గటగటా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మగతగా ఉండటం దాని గుర్తులు. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకా నీళ్లు పోస్తారు, ఇంకా ముదురుతుంది. ఉప్పుగా ఏదో ఒకటి నములుతూ తాగాలి. ఇక్కడి మందుల షాపులో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు, లీటరులో కలిపేవి, మనిషికి పది కొనుక్కెళ్లండి. టెట్రా ప్యాకులో తియ్యగా ఉండే డ్రింకు కాదు, పొడి.

ఫిల్టరు: నొక్కి వడగట్టే సాయర్ స్క్వీజ్ లాంటిది ఇద్దరికి ఒకటి. లోపల సన్నటి గొట్టాలు ఉంటాయి, అవి తడిగా ఉన్నప్పుడు గడ్డకడితే చిట్లిపోతాయి. బయటికి ఏమీ తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి, క్రిములు కూడా వాటితోపాటే వస్తాయి. రాత్రి సున్నా దగ్గరికి దిగుతుంది కాబట్టి ఫిల్టరుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పడుకోబెట్టండి. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు కూడా ఉంచుకోండి. బాక్టీరియాకి అరగంట సరిపోతుంది, క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల పరాన్నజీవికి 4 గంటలు ఆగాలి. ఆ చుట్టుపక్కల పశువులు మేస్తాయి, ఊట ఎంత తేటగా ఉన్నా వడగట్టే తాగాలి.

ఇక ఎర్రనీరు. వాన పడ్డాక ఆ వాగులు ఆషాఢంలో మన గోదారిలాగే అవుతాయి. (పులస మాత్రం దొరకదు.) ఆ ఒండ్రుతో ఫిల్టరు రెండు లీటర్లకే మూసుకుపోతుంది. దీనికి మందు మన ఇళ్లలో ఉన్నదే, పటిక. మడిచే బకెట్టులో 4 లీటర్లకి పావు టీస్పూను పటిక పొడి వేసి, ఒక నిమిషం గట్టిగా, తర్వాత నాలుగైదు నిమిషాలు మెల్లగా తిప్పి వదిలేయండి. అరగంటలో మట్టి తునకలు తునకలుగా గూడు కట్టి అడుక్కి దిగుతుంది. పైనున్న తేట మాత్రం వంచి ఫిల్టరులో పట్టండి. తొందరపడి బకెట్టు కదిపితే మళ్లీ మొదటికి వస్తుంది. పటిక అక్కడ సూపర్ మార్కెట్లో మసాలాల వరసలో దొరుకుతుంది, వాళ్లు ఊరగాయల్లో వేస్తారు. చిల్లగింజ అరగదీసినా తేరుతుంది గానీ అది విత్తనం, విమానాశ్రయంలో అనవసరపు చిక్కు.

ఫీనిక్స్ వాళ్లు జయాన్ కోసం పట్టుబడితే ఒక మాట. అక్కడ వర్జిన్ నది, దాని పాయల్లో 2020 నుంచి విషం విడిచే నాచు ఉన్నట్టు పార్కు వాళ్లే హెచ్చరిస్తున్నారు. ఆ విషాన్ని మామూలు ఫిల్టరు ఆపదు, కాచినా పోదు. కాబట్టి అక్కడ వాగు నీళ్లు కాదు, ఊట పుట్టేచోట పట్టుకోవాలి.

కొబ్బరితోట

అక్టోబరు అంటే వాళ్ల వానాకాలం అయిపోయినట్టే కదండీ. పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటే వరద భయం లేకుండా వెళ్లచ్చు. మరీ అంత కంగారు పెట్టకండి పాపం.

ఎండువాగు

కొబ్బరితోట గారూ, మొదటి మాట సగం నిజం. అక్కడ మాన్సూన్ జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా, అక్టోబరులో తగ్గుతుంది. అయినా పడమటి నుంచి వచ్చే తుపానులు ఉండనే ఉంటాయి. రెండో మాట మాత్రం ప్రమాదం. ధవళేశ్వరం దగ్గర ఎండ కాస్తుండగా మూడో హెచ్చరిక ఎగరేసిన రోజులు లేవా? వాన ఎక్కడో మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో పడుతుంది. మనకి మేలేంటంటే, భద్రాచలంలో 43 అడుగుల దగ్గరే మొదటి హెచ్చరిక వస్తుంది. ఆ నీళ్లు కిందికి వచ్చేలోగా లంకల వాళ్లు పశువుల్ని గట్టెక్కించుకుంటారు.

అక్కడ భద్రాచలం లేదు. పైన చదును రాయి, మట్టి లేదు, పీల్చుకునే చెట్టూ లేదు. పడ్డ వాన పడ్డట్టే వాగులోకి జారుతుంది. ముప్పై నలభై కిలోమీటర్ల అవతల పడ్డ వాన, రెండు చేతులు చాపితే తగిలే ఇరుకు లోయలోకి ఉన్నట్టుండి దూకుతుంది. ముందుగా తెలిసే గుర్తులు ఇవి: తేట నీరు ఉన్నట్టుండి బురదగా మారడం, పుల్లలు, ఆకుల నురగ కొట్టుకురావడం, రైలు వస్తున్నట్టు హోరు. అప్పుడు సామాను చూసుకోకుండా పైకి ఎక్కేయాలి.

బయల్దేరే పొద్దున్న చేయాల్సింది ఆకాశం చూడటం కాదు. ఆ లోయకి పై పరీవాహక ప్రాంతం ఎంత దూరం ఉందో మ్యాపులో చూసి, అంతటికీ వాన సూచన చూడాలి. అమెరికా నేషనల్ వెదర్ సర్వీసు దక్షిణ యూటా పార్కులకి ఆకస్మిక వరద అవకాశాన్ని రోజూ నాలుగు మెట్లలో చెబుతుంది. 'అవకాశం లేదు' అన్న మొదటి మెట్టు దాటితే ఇరుకు లోయలోకి దిగకండి. ఎస్కలాంటె, కయోటీ రెండూ కొంచెం వెడల్పే, ఎక్కడానికి అరుగులు దొరుకుతాయి. పరీయాలో, దాని పక్కనున్న బక్‌స్కిన్ గల్చ్‌లో కిలోమీటర్ల తరబడి అరుగే ఉండదు. మొదటిసారికి అవి వద్దన్నది అందుకే. టెంటు వేసే ముందు గోడ మీద, చెట్ల కొమ్మల్లో ఇరుక్కున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూడండి. పోయిన వరద అక్కడి దాకా వచ్చిందన్నమాట. దానికన్నా పైన పడుకోండి.

కొబ్బరితోట

కొమ్మల్లో చెత్త సంగతి మా లంకలోనూ అంతేలెండి. ఒప్పుకున్నాను.

లంకగట్టు

చాలా థ్యాంక్సండి, ఫీనిక్స్ వాళ్లకి ఇదంతా పంపించాను. ఎస్కలాంటెకే ఒప్పుకున్నారు. ప్రాక్టీసు, బూట్లు, తిండి మిగిలాయి. వాటర్‌ప్రూఫ్ హైకింగ్ బూట్లు కొనాలా? ఇంట్లో ఆవకాయ, పూతరేకులు పెట్టి పంపుతామంటున్నారు. కుక్కరు లేకుండా పప్పు ఉడుకుతుందా?

ఇసుకతిన్నె

వాటర్‌ప్రూఫ్ బూట్లు వద్దండి. ఎస్కలాంటె నదిని పదుల సార్లు దాటాలి, కయోటీలో వాగే దారి. నీళ్లు చీలమండ నుంచి మోకాలి దాకా. వాటర్‌ప్రూఫ్ బూటులోకి పైనుంచి నీళ్లు దిగితే బయటికి పోవు, రోజంతా బకెట్లో కాలు పెట్టుకున్నట్టే. జాలీ గుడ్డతో ఉండే తేలిక ట్రైల్ షూస్ అర సైజు పెద్దవి తీసుకోండి. దాటిన పది అడుగుల్లో నీళ్లు కారిపోతాయి. అసలు శత్రువు నీరు కాదు, సాక్సులో చేరే సన్న ఇసుక. తడి చర్మం మీద గరుకు కాగితంలా రాస్తుంది. ప్రతి రెండు గంటలకీ బూటు విప్పి, సాక్సు పిండి, వేళ్ల సందులు కడుక్కోవాలి. చురుక్కుమన్న చోట బొబ్బ కట్టకముందే టేపు వేయండి. మూడు జతల సాక్సులు తీసుకెళ్లి, ఒక జత మాత్రం టెంటులోకే అని పొడిగా దాచండి.

ప్రాక్టీసుకి కొండలు లేవని బెంగ పెట్టుకోకండి. మీ దగ్గర అంతకన్నా పనికొచ్చేది ఉంది, గోదారి ఇసుక. హరికేన్ వాష్‌లో నడక లంక ఇసుకలో నడకే. గట్టి నేల మీద గంటకి నాలుగు కి.మీ. నడిచే మనిషి అక్కడ రెండున్నర నడుస్తాడు. పిక్కలు, పాదం కింద నరాలు పట్టేస్తాయి. ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టి, వారానికి రెండు పొద్దుటి పూటలు 6 కిలోల సంచితో ఇసుకలో నడవండి. ఆ నెలల్లో వరద ఉండి ఇసుక తేలకపోతే అంతర్వేది బీచీ సరిపోతుంది. వారం వారం కిలో చొప్పున పెంచి 12 దగ్గర ఆగండి. బరువుకి లీటరు నీళ్ల సీసాలు పెట్టుకోండి. మూడోది మెట్లు: అన్నవరం కొండో, ఐదంతస్తుల అపార్టుమెంటో. ఎక్కడం గుండెకి, దిగడం మోకాళ్లకి. దిగుడే ఎక్కువ చేయాలి, ఎందుకంటే డెల్టాలో పెరిగిన మోకాలికి దిగుడు అలవాటుండదు. మొదటి రెండు వారాలు పైకెళ్లాక సీసాలు ఒంపేసి ఖాళీ సంచితో దిగండి. తర్వాత బరువుతో దిగండి.

ఊబి మనకి కొత్త కాదు గానీ చెప్పాలి. నది మలుపుల్లో మెరుస్తూ జెల్లీలా ఊగే తడి ఇసుక కనబడితే ఆగకుండా చకచకా దాటేయండి. ఆగితేనే దిగుతారు. మోకాలి దాకా దిగిపోతే నడుం బెల్టు, ఛాతీ బకిల్ విప్పి సంచి పక్కకి పడేయండి. వెనక్కి వాలి, కాలిని అటూ ఇటూ ఆడిస్తూ పక్కన నీరు చేరనిస్తూ మెల్లగా లాగండి. గట్టిగా గుంజితే బూటు లోపలే ఉండిపోతుంది. చేతిలో రెండు కర్రలుంటే ముందే పొడిచి చూసుకోవచ్చు.

ఇంకోటి. అక్కడ నేల మీద నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బుడిపెలతో ఒక పొర కనబడుతుంది, ఎండిన చెరువు అడుగున పెటిలిన నాచులా. అది బతికున్న పొర, ఇసుకని కట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు వేస్తే కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వాగు ఇసుకలోనో, రాతి మీదో, ఉన్న కాలిబాటలోనో నడవండి.

పొయ్యిగడ్డ

తిండికొద్దాం. పప్పు ఉడకదు. ఎస్కలాంటె ఊరు 1,770 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత వదులుగా ఉండే చిన్న గిన్నెలో కందిపప్పు పెడితే గ్యాసు అయిపోతుంది గానీ పప్పు మెత్తబడదు. వేడినీళ్లు పోసి మూతపెడితే అయ్యేవే పట్టుకెళ్లాలి.

పొద్దున్న ఉప్మా. ఇంట్లోనే రవ్వని నేతిలో దోరగా వేయించి, పోపు, ఎండిన కరివేపాకు, జీడిపప్పు, ఉప్పు కలిపి చల్లారాక వంద గ్రాముల చొప్పున కవర్లలో కట్టండి. ఒక కవరుకి 300 మి.లీ. మరిగే నీళ్లు, ఏడు నిమిషాలు మూత. గిన్నెని టోపీలోనో స్వెట్టరులోనో చుడితే ఇంకా బాగా మగ్గుతుంది. మధ్యాహ్నం పొయ్యి వెలిగించకండి: అటుకుల మిక్చరు, వేరుశనగ ఉండలు, నువ్వుండలు, మామిడి తాండ్ర. తాండ్ర ఎండకి కరగదు, నలగదు, అక్కడ చాక్లెట్లు పెట్టుకునే చోట మనకి తాండ్ర. రాత్రికి అక్కడ దొరికే ఇన్‌స్టంట్ అన్నం, కందిపొడి, నెయ్యి. ఒక రాత్రి పులిహోర గుజ్జు కలుపుకోండి.

మనిషికి రోజుకి 650 గ్రాములు పొడి తిండి. సగటున వంద గ్రాములకి 450 కేలరీలు ఉండేలా చూసుకుంటే 2,900 దాకా వస్తుంది. మూడు రోజులకి 2 కిలోలు. ఎక్కువ పెట్టకండి, మన ఇళ్లలో పెట్టేవాళ్ల చేతికి కొలత తెలియదు.

ఆవకాయ వద్దు. రుచికి వంక పెట్టడం లేదు, నూనె కారి స్లీపింగ్ బ్యాగుకి పట్టిందంటే వారమంతా ఆ వాసనతో పడుకోవాలి, ఎలకలు కూడా వచ్చి పడుకుంటాయి. కయోటీలో ఎలకలు నైలాను సంచికి కన్నం పెడతాయి. పగలు పెద్ద కాకులు, రేవెన్లు, సంచి జిప్పు ముక్కుతో లాగి తీస్తాయి. తిండి అంతా కొరకడానికి లొంగని గట్టి సంచిలో వేసి మూతి బిగించండి. పూతరేకులు తేలికే గానీ మొదటి రోజు సాయంత్రానికి పంచదార పొడి. అవి ఫీనిక్స్ వాళ్లకి ఇచ్చేయండి. విమానంలో తీసుకెళ్లే తిండి మొత్తం అమెరికాలో దిగగానే డిక్లేర్ చేయాలి. రొయ్యలో, కోడో, మాంసం పచ్చడి జోలికి పోవద్దు.

గ్యాసు సిలిండరు విమానం ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి. లీటరు మరగడానికి 15 గ్రాములు లెక్క. ఇద్దరికి రోజుకి 3 లీటర్లు, మొత్తం ఆరు రోజులకి, కాస్త మిగులుతో, 20 లీటర్లు, అంటే 300 గ్రాములు. 230ది ఒకటి, 110ది ఒకటి సరిపోతాయి. గాలి తగిలితే ఈ లెక్క ఒకటిన్నర రెట్లు అవుతుంది, రాతి చాటున పెట్టి వండండి. కయోటీలో కట్టెల మంట నిషేధం.

చెలమనీళ్లు

బరువు కూడా కూడేస్తాను: టెంటులో సగం వాటా 900 గ్రాములు, స్లీపింగ్ బ్యాగు 1 కిలో, చాప 450, ఖాళీ సంచి 1.5 కిలోలు, బట్టలు 1.5, మందులు, ఫిల్టరు, లైటు, ఛార్జరు కలిపి 1, వంట సామాను వాటా 400. ఇంతవరకు 6.75. తిండి 2, గ్యాసు వాటాతో ఇంకో పావుకిలో, నీళ్లు 4. మొత్తం 13 కిలోలు. 15 దాటిందంటే జీన్స్ ప్యాంటో, పవర్‌బ్యాంకుల గుత్తో ఎక్కడో దాగి ఉన్నట్టే.

పగలు 20 డిగ్రీల దగ్గర ఉన్నా తెల్లవారుజామున రెండు మూడుకి దిగుతుంది. స్లీపింగ్ బ్యాగు కంఫర్టు రేటింగు సున్నా కింద 5 ఉన్నది తీసుకోండి. లిమిట్ అని రాసిన అంకె చూసి కొనకండి, అది ముడుచుకుని తట్టుకునే మనిషికి. అక్కడ గాలి పొడి కాబట్టి ఈకల బ్యాగు బాగా పనిచేస్తుంది. తిరిగొచ్చాక మాత్రం మన తేమకి ఉండలు కడుతుంది, చుట్టచుట్టి అటక మీద పడేయకుండా వదులుగా వేలాడదీయండి.

ఎండువాగు

మిగిలినవి రెండు. ఒకటి, కయోటీలో మలం కూడా మోసుకునే రావాలి. పొడి రసాయనం ఉండే సంచులు దొరుకుతాయి, మనిషికి రోజుకొకటి, ఒకటి అదనం. వాటిని సంచి బయట కట్టుకునే గట్టి డ్రై బ్యాగు ఒకటి. నీళ్లతో కడుక్కునే అలవాటు ఉన్నవాళ్లం కాబట్టి చిన్న సీసా వేరుగా పెట్టుకుని, వాగుకి 60 మీటర్లు, అంటే ఎనభై అంగలు వేసి అవతలికి వెళ్లి కడుక్కోండి. వాగులో సబ్బు ముంచద్దు, ఆ సబ్బు ఎంత సహజమైనదైనా సరే.

రెండోది గడియారం. అక్టోబరులో యూటా టైము కన్నా ఫీనిక్స్ టైము ఒక గంట వెనక, అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు కాబట్టి. సరిహద్దు దగ్గర ఫోను ఒక టవరు నుంచి ఇంకో టవరుకి దూకినప్పుడల్లా గంట ముందుకీ వెనక్కీ గెంతుతుంది. వంతెన దగ్గర కలుసుకునే వేళ యూటా టైములో కాగితం మీద రాసుకుని, ఫోనులో ఆటోమేటిక్ టైము ఆపేయండి. లోయలో సిగ్నలు ఉండదు, "ఎక్కడున్నారు" అని అడగడానికి ఫోను కలవదు. నలుగురిలో ఒకరి దగ్గరైనా ఉపగ్రహం ద్వారా మెసేజి పంపే పరికరం ఉండాలి. దాన్ని సంచి అడుగున కాదు, భుజం పట్టీకి తగిలించండి.